అమ్మాయి పడవకు స్పాన్సర్ దొరికారు, కానీ ఒప్పందం చూస్తే భయమేస్తోంది. సలహా కావాలి

సాగర్‌గట్టు నాన్న | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సెయిలింగ్ తెలిసినవాళ్ళు ఇక్కడ కొందరున్నారని ఈ ప్రశ్న పెడుతున్నాను.

మా అమ్మాయి నాలుగేళ్ళుగా హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ చేస్తోంది. ఇన్నాళ్ళూ ఆప్టిమిస్ట్ నడిపింది. ముక్కు చదునుగా, నీళ్ళతొట్టిలా ఉండే పిల్లల పడవ అది. ఎనిమిది అడుగులు కూడా ఉండదు. వచ్చే ఏడాదికి ఆ పడవకు వయసు దాటిపోతుంది కాబట్టి తరువాతి వయసు పిల్లల పడవ ఐఎల్‌సీఏ 4కి మారాలి. పాతవాళ్ళు లేజర్ 4.7 అంటారు. కొత్తది కొనాలంటే పడవ, సెయిల్ (తెరచాప), ట్రాలీ అన్నీ కలిపి లక్షల్లో మాట. నాది ప్రైవేటు ఉద్యోగం. క్లబ్బులో పడవలు ఉన్నాయి గానీ ఒక్కోదానికి ముగ్గురేసి పిల్లలు కాచుకుని ఉంటారు.

పోయిన నెల ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, మా అమ్మాయి రేస్ చూసి, పడవ మేమే కొనిస్తామన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. ఈ వారం మూడు పేజీల ఒప్పందం పంపారు. రెండేళ్ళు. పడవ కంపెనీ పేరు మీదే ఉంటుంది. సెయిల్ మీద, పక్కల మీద వాళ్ళ లోగో. ఏడాదికి ఆరు రెగట్టాలు, అంటే పడవ పోటీలు, తప్పనిసరి. మొదటి ఏడాదిలో జాతీయ స్థాయి పతకం రాకపోతే పడవ వెనక్కి తీసుకుంటారు, అప్పటిదాకా అయిన ఖర్చులో సగం తండ్రి కట్టాలి.

వచ్చే ఏడాది టెన్త్. మా ఆవిడ సంతకం పెట్టొద్దంటోంది. అమ్మాయేమో ఆ పడవకు అప్పుడే 'పాలపిట్ట' అని పేరు పెట్టేసుకుంది. ఏం చేయమంటారు?

విశాఖ అల | శనివారం, రాత్రి 10:05

నేవీలో పాతికేళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. ఖర్చులో సగం తండ్రి కట్టాలి అన్న మాట చదవగానే నాకు 1968 గుర్తొచ్చింది.

ఆ ఏడాది లండన్‌లో సండే టైమ్స్ పత్రిక గోల్డెన్ గ్లోబ్ రేస్ పెట్టింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, సముద్రం మీద భూమిని చుట్టి రావాలి. తొమ్మిది మంది బయల్దేరారు. వాళ్ళలో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఆయనకు పడవ కట్టడానికి స్టాన్లీ బెస్ట్ అనే వ్యాపారి డబ్బు పెట్టాడు. షరతు ఏమిటంటే, యాత్ర మధ్యలో మానేస్తే ఆ పడవను క్రోహర్స్టే తిరిగి కొనాలి. ఇల్లు కూడా తాకట్టులో ఉంది. గడువు చివరి రోజు, అక్టోబరు 31న, సగం సగం తయారైన పడవలో బయల్దేరాడు. కొద్ది వారాల్లోనే అది దక్షిణ సముద్రాలకు పనికిరాదని తెలిసిపోయింది. ముందుకెళ్తే చావు, వెనక్కొస్తే దివాలా. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, భూమిని చుట్టేస్తున్నట్టు రేడియోలో దొంగ లెక్కలు పంపాడు. 1969 జులైలో పడవ దొరికింది, మనిషి లేడు. యాత్ర లెక్కలు రాసుకున్న లాగ్‌బుక్కులు లోపలే ఉన్నాయి.

ఆ పోటీని పూర్తి చేసింది ఒక్కడే, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. కొత్త పడవకు డబ్బు పెట్టేవాళ్ళు దొరక్క, తన పాత 'సుహైలీ'లోనే వెళ్ళాడు. 32 అడుగుల టేకు పడవ, కట్టింది మన బొంబాయిలో. 312 రోజులు పట్టింది. తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతి మొత్తం క్రోహర్స్ట్ భార్యాపిల్లలకు ఇచ్చేశాడు.

మీ అమ్మాయిది చెరువులో పడవే, నిజమే. కానీ షరతు అదే షరతు. ఓడిపోతే ఇంటి మీదికి అప్పు వస్తుందని తెలిసిన పిల్ల గాలి ఎక్కువున్న రోజు ఒడ్డుకు తిరిగొస్తుందా? ఆ ఒక్క లైను కొట్టేయించండి బాబూ. అది పోకపోతే మిగతాదేదీ చదవక్కర్లేదు.

లోరియాన్ నుంచి శ్రీను | ఆదివారం, ఉదయం 6:48

నేను ఫ్రాన్స్‌లో బ్రెటన్ తీరంలో ఉంటాను. ఉద్యోగం వేరే గానీ ఈ ఊళ్ళో పడవల మాట లేకుండా రోజు గడవదు. ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టే వాందే గ్లోబ్ రేసుకు వెళ్ళే టీముల్లో చాలా వాటి షెడ్లు ఇక్కడే ఉన్నాయి.

ఇక్కడ పడవకు స్పాన్సర్ పేరే పేరు. 2024-25లో గెలిచిన షార్లీ దాలాఁ పడవ పేరు 'మాసిఫ్ సాంతే ప్రెవోయాంస్'. అది ఇన్సూరెన్స్ కంపెనీ. అంతకుముందు గెలిచిన పడవ 'మేత్ర్ కాక్', కోడిమాంసం అమ్మే బ్రాండు. 2016-17లో 'బాంక్ పాప్యులేర్'. 2024 నవంబరు 10న నేను ఆ రేసు మొదలయ్యే లే సాబ్ల్ దొలోన్‌లో ఉన్నాను. చీకటితోనే వెళ్ళి కాలువ గోడ మీద చోటు పట్టుకున్నాం. నలభై పడవలు ఒక్కొక్కటే ఆ సన్నటి కాలువలోంచి సముద్రంలోకి వెళ్తుంటే, పక్కనున్న ముసలావిడ ప్రతి స్కిప్పర్‌నూ పేరు పెట్టి పిలిచి చెయ్యూపింది. ఆవిడ నోట ఒక్క కంపెనీ పేరూ రాలేదు. కానీ ఆ కంపెనీలు లేకపోతే ఆ నలభై పడవలూ లేవు.

నాన్నగారికి పనికొచ్చే కథ క్లారిస్ క్రెమేర్ అనే ఫ్రెంచ్ సెయిలర్‌ది. 2020-21 వాందే గ్లోబ్‌ను బాంక్ పాప్యులేర్ పడవ మీద 87 రోజుల్లో పూర్తి చేసింది. అప్పటికి ఈ రేసులో ఆడవాళ్ళలో అదే రికార్డు. తరువాత పాప పుట్టింది. తరువాతి రేసుకు అర్హత రావాలంటే మధ్యలో పోటీల్లో ఇన్ని మైళ్ళు నడిపి ఉండాలని నిబంధన. కాన్పు వల్ల ఆమె మైళ్ళు వెనకబడ్డాయి. అర్హత రాదేమోనని 2023 ఫిబ్రవరిలో స్పాన్సర్ ఆమెను పక్కన పెట్టేసింది. దేశమంతా గొడవైంది. కొన్ని వారాలకే ఆ బ్యాంకు తనే ఆ రేసు నుంచి తప్పుకుంది. ఆమెకు లాక్సితాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ అండగా వచ్చింది, బ్రిటన్ సెయిలర్ అలెక్స్ థామ్సన్ టీమ్ పడవ సమకూర్చింది. 2025 జనవరిలో పదకొండో స్థానంలో వచ్చి చేరింది.

ఆమె అంత పేరున్న మనిషి కాబట్టి జనం అడిగారు. మీ అమ్మాయి టెన్త్ పరీక్షల కోసం మూడు నెలలు ఆగితే ఎవరు అడుగుతారు? ఆరు రెగట్టాలు తప్పనిసరి అన్నచోట పరీక్షలు, జ్వరం, గాయం, ఆడపిల్లకు వచ్చే ఏ ఇబ్బంది అయినా మినహాయింపు అని రాయించుకోండి. నోటిమాట చాలదు.

పాత ఆప్టీ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

అంకుల్, నేనూ సాగర్‌లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. గవర్నమెంట్ స్కూల్ నుంచి వచ్చినవాణ్ణి. మొదటి మూడేళ్ళు నా సొంతమని చెప్పుకోడానికి లైఫ్ జాకెట్ కూడా లేదు.

ఒక సంగతి చెప్తాను, ఆ కంపెనీ పేరు రాయను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకళ్ళు వచ్చారు. మా పన్నెండు మందికీ కొత్త టీషర్టులు వేసి, పడవల మీద స్టిక్కర్లు అంటించి, రోజంతా ఫోటోలు తీశారు. కొత్త సెయిల్స్ వచ్చే నెల అన్నారు. రాలేదు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నాం అన్నారు. ఆరు నెలల తరువాత స్టిక్కర్లు పీకింది నేనే. ఎండకు గట్టిపడి గోరుతో రాలేదు. కిరసనాయిలు గుడ్డతో రుద్ది, సబ్బుతో కడిగాను.

పాత సెయిల్ అంటే ఏమిటో చూడనివాళ్ళకు చెప్తాను. కొత్త గుడ్డ చేత్తో నలిపితే కాగితంలా గలగలమంటుంది. పాతది చీరలా మెత్తబడిపోతుంది. గాలి వచ్చినప్పుడు సెయిల్ ఉబ్బు వెనక్కి జారిపోతుంది, ఎదురుగాలి వైపు పడవ ముందుకెక్కదు. నువ్వెంత వంగి బరువేసినా పక్కవాడు నిన్ను దాటి వెళ్ళిపోతాడు. దాన్ని ఇన్సులేషన్ టేపుతో అతికించి జాతీయ పోటీకి వెళ్ళాం.

అందుకే చెప్తున్నాను, పడవ చేతికి వచ్చాకే ఫోటోలు. రెండో ఏడాది కొత్త సెయిల్ ఎప్పుడిస్తారో తేదీ వేయించండి. పడవ కొనిచ్చి సెయిల్ మర్చిపోతే లాభం లేదు. లోగో విషయంలో ఇంకోటి, రెగట్టాల్లో ముక్కు దగ్గర భాగం పోటీ పెట్టినవాళ్ళ స్పాన్సర్‌కు అడుగుతారు. మీ కంపెనీ లోగో వెనక భాగానికే అని ముందే చెప్పేయండి. లేకపోతే రేస్ రోజు పొద్దున్నే గొడవ.

లక్ష్మి సీఏ | ఆదివారం, సాయంత్రం 5:33

నాకు సెయిలింగ్ తెలియదు, కాగితాలు తెలుసు.

మొదటిది: మైనర్‌తో చేసుకున్న ఒప్పందం మన కాంట్రాక్ట్ చట్టం ప్రకారం చెల్లదు. అందుకే మీతో సంతకం పెట్టిస్తున్నారు. అంటే ఆడేది పాప, పూచీ మీది. మీ ఆవిడ భయంలో అర్థముంది.

రెండోది: ఈ డబ్బు ఏ ఖాతాలోంచి వస్తోందో అడగండి. సీఎస్ఆరా (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే ఖర్చు), మార్కెటింగా? కంపెనీల చట్టం 135 సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఒలింపిక్ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. కానీ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్ లెక్కలో చూపకూడదని నిబంధనల్లోనే రాశారు. సీఎస్ఆర్ డబ్బయితే సెయిల్ నిండా లోగో అడగడానికి వీల్లేదు. మార్కెటింగ్ డబ్బయితే అది వాళ్ళ ప్రకటన ఖర్చు. టీవీలో ప్రకటన వేసి సరుకు అమ్ముడుపోలేదని టీవీవాళ్ళ దగ్గర సగం డబ్బు వెనక్కి అడుగుతారా?

పడవ కంపెనీ పేరు మీద ఉంటే ఒకందుకు మంచిదే. ఇన్సూరెన్స్ వాళ్ళనే కట్టమనండి, మరమ్మతులు కూడా. వాళ్ళదే ఆస్తి అయితే వాళ్ళదే భారం.

కబడ్డీ శ్రేష్టి | ఆదివారం, రాత్రి 8:02

అందరూ ఒకవైపు నుంచే చెప్తున్నారు. నేను గుంటూరు దగ్గర చిన్న మిల్లు నడుపుతాను, పదేళ్ళుగా కబడ్డీ టీములకు బట్టలు, బూట్లు ఇస్తున్నాను. మా డబ్బూ కష్టపడి వచ్చిందే. ఒకసారి పూర్తి సీజన్‌కు ఖర్చు పెట్టాక సగం టీము సంక్రాంతి తరువాత అసలు రాలేదు. మరోసారి ఫైనల్‌కు వేరేవాళ్ళ జెర్సీ వేసుకుని దిగారు. రాత కోతలు లేకపోవడం వల్ల నేనేమీ అనలేకపోయాను.

పతకం షరతు తప్పే, ఒప్పుకుంటాను. ఆటలో గెలుపు ఎవరి చేతిలో ఉంది? కానీ రెగట్టాలకు వెళ్ళాలి, ప్రాక్టీసు చెయ్యాలి, చెప్పిన నాలుగు రోజులు ఫోటోలకు రావాలి అనడంలో తప్పేముంది? అది పాప చేతిలో ఉన్న పనే. పతకం తీసేసి ఆ మేరకు హాజరు పెట్టమనండి. నేనైతే ఒప్పుకుంటాను. వాళ్ళూ ఒప్పుకోవచ్చు.

విశాఖ అల | ఆదివారం, రాత్రి 8:40

శ్రేష్టి గారూ, బాగా చెప్పారు. డబ్బు పెట్టేవాళ్ళంతా ఒకేలా ఉండరు. 2014లో టీములు భూమిని చుట్టే వోల్వో ఓషన్ రేస్‌లో వెస్టాస్ అనే గాలిమరల కంపెనీ పడవ మారిషస్‌కు ఈశాన్యాన పగడపు దిబ్బ ఎక్కేసింది. రాత్రి పూట, పూర్తి వేగంలో. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు గానీ పడవ వెనక భాగం నుజ్జయిపోయింది. తప్పు టీముదే. కంపెనీ వదిలేసి పోవచ్చు. పోలేదు. శిథిలాన్ని అక్కడినుంచి తీయించి, ఇటలీలో మళ్ళీ కట్టించి, చివరి అంచెలకు అదే టీమును సముద్రంలోకి పంపింది.

మన నేవీ నావికుడు అభిలాష్ టోమీ గారిదీ అంతే. 2018 గోల్డెన్ గ్లోబ్‌లో దక్షిణ హిందూ మహాసముద్రంలో స్తంభం విరిగి, వెన్ను దెబ్బతిని, కదల్లేకుండా పడి ఉంటే చేపల వేటపై గస్తీ తిరిగే ఒక ఫ్రెంచ్ ఓడ కాపాడింది. అలాంటి మనిషికి 2022లో మళ్ళీ పడవ ఇవ్వడానికి ఎంతమంది ముందుకొస్తారు? అబుదాబి కంపెనీ బయానత్ ఇచ్చింది. ఆ పేరున్న పడవలోనే రెండో స్థానంలో వచ్చాడు.

మన పిల్లల సంగతి కూడా చెప్పాలి. 2017-18లో నేవీ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో భూమిని చుట్టి వచ్చిన ఆరుగురిలో ఇద్దరు తెలుగమ్మాయిలు, హైదరాబాద్ బొడ్డపాటి ఐశ్వర్య, మా విశాఖ స్వాతి. వాళ్ళ వెనక నేవీ ఉంది కాబట్టి లోగో బాధ లేదు. సివిల్ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. కంపెనీలు రావాలి. రావద్దని నేను అనను.

ఆక్లాండ్ తెలుగు | సోమవారం, ఉదయం 5:15

పైస్థాయిలో డబ్బు ఏం చేస్తుందో మా ఊరు చూసింది. సెయిలింగ్‌లో పేరున్న పోటీ అమెరికాస్ కప్ 2021లో ఇక్కడే జరిగింది, మా న్యూజిలాండ్ టీమే గెలిచింది. గెలిచినవాళ్ళ ఊళ్ళోనే తరువాతి పోటీ జరుగుతుందని నేనూ మా పిల్లలూ ఎదురుచూశాం. ప్రభుత్వం ఇస్తామన్నది టీముకు చాలలేదు. 2024 పోటీ బార్సిలోనాకు పోయింది. అక్కడ మళ్ళీ మా టీమే బ్రిటన్‌ను 7-2తో ఓడించింది. సెయిల్ మీద ఎమిరేట్స్, పోటీ పేరు ముందు లూయీ విటాన్. రాత్రుళ్ళు టీవీలో చూశాం. 2021లో ఇదే హార్బర్ ఒడ్డున మా చిన్నవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని చూశాను. వాడికి ఆ రెండూ ఒకటి కాదు, నాకూ కాదు.

అయినా టీ లిప్టన్ గురించి ఒక మాట. సర్ థామస్ లిప్టన్ 1899 నుంచి 1930 దాకా ఐదుసార్లు ఈ కప్ కోసం వచ్చాడు, ఐదుసార్లూ ఓడిపోయాడు. చివరికి అమెరికా వాళ్ళే చందాలు వేసుకుని ఆయనకు బంగారు కప్పు ఇచ్చారు. ఆ దేశంలో ఆయన టీ ఇంటింటికీ తెలిసింది. ఓడిన పడవ కూడా కంపెనీకి పనికొస్తుందని మీ కంపెనీ వాళ్ళకు చెప్పండి. ఈ ఒక్క ఉదాహరణ చాలు పతకం షరతు తీసేయించడానికి.

చెరువు నీళ్ళు | సోమవారం, ఉదయం 10:50

నాది వేరే ప్రశ్న. అది ఏం తయారుచేసే కంపెనీ? రోత్‌మన్స్ సిగరెట్ల పేరుతో పడవ 1989-90లో భూమిని చుట్టింది. నిన్నమొన్నటి దాకా బ్రిటన్ టీమును నడిపింది ఐనియోస్, ప్లాస్టిక్ ముడిసరుకు చేసే రసాయనాల కంపెనీ. సముద్రం మీద ఆ పేరేమిటని పర్యావరణం వాళ్ళు గట్టిగానే అడిగారు. హుస్సేన్‌సాగర్‌లో ఎండాకాలం పచ్చటి నాచు, వాసన మనకు తెలియనివి కావు. ఆ నీళ్ళలో బోల్తాపడి లేచేది పిల్లలే. నాలాల్లోకి వ్యర్థాలు వదిలేవాళ్ళ పేరు వాళ్ళ సెయిల్ మీద ఉండకూడదు.

సాగర్‌గట్టు నాన్న | సోమవారం, రాత్రి 9:30

నీళ్ళ ట్యాంకులు, పైపులు చేసే కంపెనీ అండి. మీరు అడిగాక నేనూ కనుక్కున్నాను. ఫ్యాక్టరీ ఊరికి దూరం, మా నాలాలతో సంబంధం లేదు. అడిగినందుకు థాంక్స్. నాకు తట్టలేదు.

అందరి మాటలూ ప్రింట్ తీసుకుని మా ఆవిడకు చదివి వినిపించాను. క్రోహర్స్ట్ కథ దగ్గర ఆపమంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఆ లైను తీసేస్తే తనకు అభ్యంతరం లేదంది. గురువారం కంపెనీకి వెళ్తున్నాను.

లోరియాన్ నుంచి శ్రీను | సోమవారం, రాత్రి 11:58

వెళ్ళేముందు ఇంకొకటి. ట్రేసీ ఎడ్వర్డ్స్ 1989లో మొత్తం ఆడవాళ్ళతో 'మెయిడెన్' పడవ వేసుకుని భూమిని చుట్టే విట్‌బ్రెడ్ రేసుకు వెళ్ళాలనుకున్నప్పుడు కంపెనీలన్నీ వద్దన్నాయి. ఇల్లు తాకట్టు పెట్టి పాత పడవ కొని, టీమంతా కలిసి బాగు చేసుకున్నారు. చివరికి జోర్డాన్ రాజు హుస్సేన్ మాటతో రాయల్ జోర్డానియన్ విమాన సంస్థ స్పాన్సర్‌గా వచ్చింది. రెండు అంచెలు గెలిచి, తమ తరగతిలో రెండో స్థానంలో వచ్చారు. పడవ పక్కల మీద విమానాల కంపెనీ పేరు ఉంది, కానీ పడవ పేరు మెయిడెన్‌గానే ఉంది. మీ పాప పెట్టిన పేరు వదులుకోకండి. అడగండి.

సాగర్‌గట్టు నాన్న | శుక్రవారం, రాత్రి 8:10

నిన్న వెళ్ళొచ్చాను. రెండు గంటలు కూర్చోబెట్టారు. మార్కెటింగ్ మేనేజర్‌తో పాటు ఓనర్ కూడా వచ్చారు.

లక్ష్మి గారు చెప్పిన ప్రశ్నే మొదట అడిగాను. మార్కెటింగ్ డబ్బేనన్నారు. అయితే టీవీ ప్రకటన మాట చెప్పాను. ఓనర్ నవ్వి, మేనేజర్ వైపు చూశారు. పతకం షరతు, సగం ఖర్చు షరతు రెండూ తీసేశారు. వాటి బదులు శ్రేష్టి గారన్నట్టు హాజరు. ఆరు రెగట్టాలు నాలుగయ్యాయి. జనవరి నుంచి పరీక్షలు అయ్యేదాకా ఏమీ లేదు. జబ్బు, గాయం మినహాయింపు అని రాశారు. ఇన్సూరెన్స్ వాళ్ళదే. రెండో సెయిల్‌కు తేదీ మాత్రం వేయలేదు, "రెండో ఏడాది మొదటి మూడు నెలల్లో" అని రాశారు. దాని గురించి మళ్ళీ అడుగుతాను. సంతకం ఇంకా పెట్టలేదు.

పడవ పేరు అడిగాను. పక్కల మీద కంపెనీ పేరు, వెనక చుక్కాని పైన తెలుగులో పాలపిట్ట. ఓనర్ వాళ్ళమ్మ గారిది మెదక్ అట. దసరాకు పాలపిట్టను చూడటానికి పొలాల వెంట తీసుకెళ్ళేదని చెప్పారు.

పాత ఆప్టీ | శుక్రవారం, రాత్రి 8:44

అంకుల్, తేదీ కోసం గట్టిగా అడగండి, ఆ ఒక్కటి వదలొద్దు.

పడవ వచ్చాక చెప్పండి, ఆదివారం ఆరింటికి వస్తాను. ఆప్టిమిస్ట్‌కి, దీనికి స్తంభం దగ్గర నుంచే తేడా. రెండు ముక్కలుగా వస్తుంది, సెయిల్‌ను గొట్టంలా పైనుంచి తొడగాలి. కంగారులో మెలిపడితే చిరుగుతుంది. మొదటిసారి నేను పట్టుకుంటాను, తను తొడుగుతుంది.